దుంపకో మంట

(శ్రీకాకుళంలో ఇళ్ల దగ్గర చిరుతిళ్లు చేసి అమ్ముకునే మహిళల శిక్షణ మొదటి రోజున, పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్న ఒక పెద్దావిడ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న అప్పలు కొంచెం ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాది పాతికేళ్లు నూనె పొగ పీల్చిన గొంతు. గట్టిగా రాదు.

ముందు ఆ పళ్లెం అటు పంపండి. తలా ఒకటి తీసుకోండి. ఒకటే. వెనకవాళ్లకి కూడా అందాలి. తిన్నారా? ఏటది? ఆలూ చిప్స్ అంటున్నారు. ఇంకెవరైనా? మీరూ ఆలూయేనా? ఆ మూల పెద్దమ్మగారు మాత్రం తల అడ్డంగా ఊపుతున్నారు. చెప్పండమ్మా. కర్రపెండలం! అదీ. పళ్లెంలో ఒక్క బంగాళాదుంప ముక్క లేదు. ఉప్పు, కారం, కర్రపెండలం, నూనె. అంతే.

చూశారా, నోరు కూడా అలవాటు పడిపోయింది. పల్చగా ఉండి, కరకరలాడి, ఉప్పగా ఉంటే చాలు, అది ఆలూయే అనుకుంటాం. మరి మనం బంగాళాదుంపనే పట్టుకుని ఎందుకు వేలాడాలి? నేను పదేళ్లు వేలాడాను. అందుకే అడుగుతున్నాను.

దాని గుట్టంతా పేరులోనే ఉంది. బంగాళాదుంప. బంగాళా దేశం నుంచి దిగిన దుంప. తెలంగాణలో ఆలుగడ్డ అంటారు, సీమలో ఉర్లగడ్డ అంటారు. మనకి మాత్రం అది ఇప్పటికీ బెంగాల్ దుంపే. ఇక్కడి మార్కెట్‌లో దిగే బస్తాలు ఎక్కడివో అడిగి చూడండి. బెంగాల్ అంటారు, లేకపోతే ఆగ్రా అంటారు. 2024లో ధరలు పెరిగిపోతున్నాయని బెంగాల్ ప్రభుత్వం దుంప లారీలని రాష్ట్రం దాటనివ్వలేదు. పక్కన ఒడిశాలో గగ్గోలైపోయింది. ఎక్కడో సరిహద్దులో లారీ ఆగితే ఇక్కడ నా పొయ్యి ఆరిపోవాలా?

మీలో చదువుకున్న పిల్ల ఎవరో అడుగుతుంది, కర్రపెండలం మాత్రం మనదా ఆంటీ అని. కాదు. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. చిలగడదుంపా ఆ వైపుదే. పుట్టిల్లు ఎక్కడన్నది కాదమ్మా నా గొడవ. ఈ రోజు ఏ చేలోంచి తవ్వుకొచ్చారు, ఎన్నాళ్ల కిందట తవ్వారు, అదీ నాకు కావాల్సింది. చేను దగ్గరైతే రైతుని అడగగలను. ఆగ్రా రైతుని ఏమని అడుగుతాను?

ఇంకో సంగతి. ఒకే బస్తాలో దుంపలు ఒక వాయి తెల్లగా వచ్చి, ఇంకో వాయి ఇటుకరంగు తిరిగిన అనుభవం ఎంతమందికి ఉంది? చెయ్యెత్తండి. అబ్బో, సగం మంది. ఏమనుకున్నారు అప్పుడు? మంట ఎక్కువైందనుకున్నారు. నేనూ అదే అనుకుని పదేళ్లు మంటని తిట్టాను. తప్పు మంటది కాదు. బంగాళాదుంపని కోల్డ్ స్టోరేజీలో రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో పెడతారు, మొలక రాకుండా. ఆ చలికి దుంపలో గంజి కొంచెం కొంచెంగా చక్కెరగా మారిపోతుంది. నూనెలో పడగానే ఆ చక్కెర మాడుతుంది. రంగు తిరుగుతుంది, చేదెక్కుతుంది. చిప్స్ కంపెనీలకి ఈ సంగతి తెలుసు. వాళ్లు దుంపల్ని పది పన్నెండు డిగ్రీల దగ్గర నిల్వ పెడతారు. పైగా వాళ్ల రకాలే వేరు. సిమ్లాలో కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఉంది, వాళ్లు 1998లో కుఫ్రి చిప్సోనా అని రకాలు విడుదల చేశారు. పేరులోనే చిప్స్ ఉంది చూడండి. చక్కెర తక్కువ, గట్టిదనం ఎక్కువ. కంపెనీలు రైతులతో ముందే ఒప్పందం చేసుకుని అలాంటివి పండించుకుంటాయి. మనకి రైతుబజారులో దొరికేది కూర దుంప. కూర దుంపతో చిప్స్ చేసి, ఐదు రూపాయల ప్యాకెట్‌తో పోటీకి దిగాం. ఓడిపోయాం. ఓడిపోక ఏమవుతాం?

అయినా ఆలూ చిప్స్ మానలేం, మా ఊళ్లో అవే అడుగుతారు అనేవాళ్లకి ఒక ఉపాయం. కొన్న దుంపల్ని వెంటనే వాడకండి. చీకటి గదిలో గోనె మీద పరిచి రెండు వారాలు ఉంచండి. చక్కెర కొంత మళ్లీ గంజిగా మారుతుంది. పూర్తిగా కాదు, కొంత. పచ్చబడినవి మాత్రం పారెయ్యండి. ఇక బంగాళాదుంప సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు మన దుంపలు. చేమ, కంద, చిలగడ, కర్రపెండలం, పెండలం. వీటిని తీసుకుని బంగాళాదుంపని వేయించినట్టే వేయించారనుకోండి, ఐదూ పాడవుతాయి. ఎందుకంటే దేని ఒళ్లు దానిదే. నేను ఏ కొత్త దుంపనైనా చేతిలోకి తీసుకోగానే మూడు ప్రశ్నలు అడుగుతాను. నీలో నీళ్లెంత? నీలో చక్కెరెంత? నీకు దురదో విషమో ఏమైనా ఉందా? దుంప నోరు విప్పి చెప్పదు. ఒక బిళ్ల నూనెలో వేస్తే మొత్తం చెప్పేస్తుంది.

నీళ్ల లెక్క ముందు చెప్తాను, డబ్బు అక్కడుంది కాబట్టి. వేయించడం అంటే ఏమిటి? దుంపలో నీళ్లు ఆవిరైపోవడం, ఖాళీ అయిన చోట కొంత నూనె చేరడం. అంతకు మించి ఏమీ లేదు. బంగాళాదుంపలో వంద పాళ్లకి దాదాపు ఎనభై పాళ్లు నీళ్లే. అందుకే కేజీ దుంప తీసి, చెక్కు తీసి, వేయిస్తే నా తూకంలో 280 నుంచి 300 గ్రాముల చిప్స్ వచ్చేవి. అందులోనూ మూడో వంతు నూనె. అంటే తినేవాడు కొనుక్కుంటున్న దాంట్లో మూడో వంతు నూనే! కర్రపెండలంలో నీళ్లు అరవై పాళ్ల చుట్టూ ఉంటాయి. చెక్కు మందం కాబట్టి తరుగు ఎక్కువ పోతుంది, అయినా కేజీకి 400 గ్రాముల దగ్గర తేలుతుంది. నూనె కూడా తక్కువ పీలుస్తుంది. చేమ 300 పైన. చిలగడ 350 దాకా. కంద 250. బీట్‌రూట్ తీసుకున్నారో, అది ఎనభై ఏడు పాళ్లు నీళ్లు. కేజీకి 180 గ్రాములు వస్తే గొప్ప.

ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయి అడిగింది, బీట్‌రూట్ కేజీ ఇంతే కదా ఆంటీ, చవకే కదా అని. చవక కాదమ్మా. కేజీ దుంప ఎంతకి కొన్నావన్నది లెక్క కాదు. కేజీ చిప్స్‌కి ఎన్ని కేజీల దుంప పట్టింది, ఎంత నూనె పోయింది, ఎంత గ్యాస్ కాలింది, అదీ లెక్క. నీళ్లు ఎగరగొట్టడానికే కదా గ్యాస్ కాలేది! బీట్‌రూట్, క్యారెట్ రంగు కోసం. మిక్స్‌డ్ ప్యాకెట్‌లో నాలుగు ముక్కలు కలపండి, కవరు ముచ్చటగా ఉంటుంది. అవి ఒక్కటే పెట్టి అమ్ముతామంటే నేను వద్దంటాను. రెండూ తీపి దుంపలు, రెండూ ఇట్టే మాడతాయి. మాడినా బీట్‌రూట్ రంగులో కనబడదు, నోట్లో వేసుకున్నాకే తెలుస్తుంది.

చేమ చూద్దాం. దీంతో మొదలుపెట్టమంటాను కొత్తవాళ్లని. చక్కెర తక్కువ, రంగు తొందరగా తిరగదు, తప్పు చేసినా క్షమిస్తుంది. దీనికున్న పెద్ద ఇబ్బంది జిగట, కొంచెం దురద. చెక్కు తీస్తుంటే చేతిలోంచి జారిపోతుంది, బిళ్లలు కోస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి, నూనెలో వేస్తే ముద్దగా తేలుతాయి. కాబట్టి తడి తగలకుండా చెక్కు తియ్యండి. కడగడం చెక్కుతోనే, ముందే. కడిగి ఆరబెట్టి, చేతికి నూనె రాసుకుని, పొడి దుంపని చెక్కు తీసి, నిలువునా కొయ్యండి. అడ్డంగా కోస్తే పావలా బిళ్లలు వస్తాయి, నిలువునా కోస్తే ఆకులా పొడుగ్గా వస్తాయి. ఆకారం వేరైతే ఇది ఆలూ కాదు, వేరే సరుకు అని చూడగానే తెలుస్తుంది. అది మనకి లాభమే. కోసిన ముక్కల మీద ఉప్పు, పల్చని మజ్జిగ జల్లి పది నిమిషాలు ఉంచి, నీళ్లలో జాడించి, గుడ్డ మీద పరిచి తడి పోనివ్వండి. తర్వాతే మూకుడు. ముక్కలన్నీ ఒకేసారి దోసిలితో గుమ్మరించకండి. ఒక్కొక్కటీ జార్చండి, జంతికలు వదిలినట్టు కాదు, బూరెలు వదిలినట్టు.

పెండలం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఊదారంగు పెండలం దొరికితే వదలకండి. వేయించినా ఆ రంగు కొంత నిలుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. జిగట చేమకి చెల్లెలు. అదే పద్ధతి. కానీ ఒక మాట. సంతలో కొండ దుంపలు అని, అడవి దుంపలు అని అమ్ముతారు. వాటిలో చేదు దుంపలుంటాయి. కొండ మీద వాళ్లకి వాటి సంగతి తెలుసు. కోసి, ఉడకబెట్టి, రాత్రంతా పారే నీళ్లలో ఉంచి విషం పోగొట్టుకుని తింటారు. తరాల చదువు అది. మనకి ఆ చదువు లేదు. రంగు బాగుందని అడవి దుంప కొని మూకుట్లో వెయ్యకండి.

కంద

ఇక కంద. నవ్వుతున్నారా? నవ్వండి నవ్వండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత. సామెత చెప్పినాయన కంద చిప్స్ అమ్మలేదు. అమ్మి ఉంటే కందకీ, కత్తిపీటకీ, కోసినామెకీ, కొన్నాయనకీ అందరికీ దురదేనని చెప్పేవాడు.

నా కథ చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. మొదటిసారి కంద చిప్స్ చేశాను. చెక్కు తీశాను, కోశాను, కడిగాను, వేయించాను. నూనె అంత వేడి కదా, దురద అక్కడే చచ్చిపోతుందనుకున్నాను. రంగు బంగారంలా వచ్చింది. రుచి చూశాను, బాగానే ఉంది. ఇరవై ప్యాకెట్లు కట్టి ఒక కిరాణా కొట్టులో ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే కొట్టాయన మా ఇంటికొచ్చాడు. మాటలేదు. గొంతు చూపించి, ప్యాకెట్లు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. పాపం ఆయన బేరాల్లేక రెండు ప్యాకెట్లు తానే తినేశాడట! ఆ తర్వాత ఏడాది ఆ వీధిలో నా సరుకు ఎవరూ పెట్టుకోలేదు. తప్పు నాదే. నాకు ఎందుకు దురదపెట్టలేదు? నేను తిన్నది ఒక్క ముక్క.

దురద ఎందుకొస్తుంది? కందలో, చేమలో కాల్షియం ఆక్సలేట్ అని ఉంటుంది. అది మామూలు పొడిలా ఉండదమ్మా, సూదుల్లా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని సూదులు, కట్టలు కట్టలుగా. మనం కోసినా నమిలినా ఆ కట్టలు విప్పుకుని చేతికీ నాలుక్కీ గుచ్చుకుంటాయి. సూదిని నూనెలో రెండు నిమిషాలు వేస్తే కరుగుతుందా? కరగదు. అదీ నేను తెలుసుకోని సంగతి. మన అమ్మమ్మలు ఆక్సలేట్ అన్న మాట విన్నారా? లేదు. కానీ కందని చింతపండు లేకుండా వండారా? ఎప్పుడైనా చూశారా మీరు? కంద పులుసు, కంద బచ్చలి, ఎక్కడైనా పులుపు ఉండాల్సిందే. దుంప తెచ్చిన రోజే వండేవాళ్లు కూడా కాదు, అటకెక్కించి వారాల తరబడి ఉంచేవాళ్లు. ఆరిన కంద దురద తక్కువ.

కాబట్టి పని ఇలా చెయ్యాలి. ముందు రకం అడగండి. గజేంద్ర అని ఒక రకం ఉంది. గోదావరి జిల్లా కొవ్వూరులో ఎంపిక చేసిన రకం. దేశమంతా వేస్తున్నారు దాన్ని. దురద దాదాపు ఉండదు, కండ లేత పసుపు. నాటు కంద ఎర్రటిది, అది కూరకి ఉంచండి. గజేంద్ర అన్నంత మాత్రాన నమ్మెయ్యకండి. మందంగా చెక్కు తీసి, బిళ్లలు కోసి, చింతపండు నీళ్లలో పసుపు వేసి అరగంట ఉంచండి. తర్వాత అదే రకం పుల్లనీళ్లు మరగబెట్టి, అందులో రెండు మూడు నిమిషాలు ముక్కల్ని ఒక పొంగు రానిచ్చి, వార్చేయండి. ఆ నీళ్లు పారబొయ్యండి, పులుసుకి పనికొస్తాయని దాచకండి. ఆరబెట్టండి. వేయించండి. మొదటి వాయి మీరు తినండి. ఒక ముక్క కాదు, గుప్పెడు. గంటసేపు ఆగండి. గంటాగాక ప్యాకెట్ కట్టండి.

ఉడికించి వేయించేటప్పుడు ఇంకో వెసులుబాటు ఉంది. కంద బిళ్లలకి బదులు చిటికెనవేలంత పొడుగు ముక్కలు కొయ్యండి. పైన బియ్యప్పిండి పల్చగా అద్ది వేయించండి. ఇప్పటి గుంటలు ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్రెంచ్ ఫ్రైస్ అని పాకులాడుతున్నారు కదా. ఇవి వేడివేడిగా ఇస్తే ఆగరు. ప్యాకెట్‌కి పనికిరాదు, బండి మీద సాయంత్రం బేరానికి బాగా పనికొస్తుంది.

ఇంకో మాట, ఇది మన జిల్లాకి చెప్పాల్సిన మాట. కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా కంద చక్కగా వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. జీడిమామిడి వేళ్లతో సహా లేచిపోయింది. గాలికి పడనిది మట్టిలో ఉన్న దుంపే. నీళ్లు నిలిస్తే అదీ కుళ్లుతుంది, కాదనను. ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. మీ ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటే, ఈ దుంపలు వాళ్లకి పెట్టేముందు డాక్టరుని అడగండి. దుంపల్లో పొటాషియం ఎక్కువ, చిప్స్‌లో ఉప్పు ఎక్కువ. రెండూ వాళ్లకి డాక్టర్లు తగ్గించమనేవే. అమ్మకం కోసం నిజం దాచుకోకూడదు.

చిలగడ, కర్రపెండలం

చిలగడదుంప. సంక్రాంతి దాటగానే వస్తుంది, శివరాత్రికి ఇంటింటా ఉడుకుతుంది. చవగ్గా ఉన్నప్పుడు నేను నాలుగు బుట్టలు కొన్నాను ఒకసారి. బంగాళాదుంప వేయించే మంట మీదే వేశాను. వెయ్యగానే ఎర్రబడ్డాయి. ఆహా, ఎంత తొందరగా అయిపోయాయో అని తీసేశాను. చల్లారేసరికి మెత్తగా, తోలులా సాగుతున్నాయి. సరే, ఇంకాసేపు ఉంచుదామని రెండో వాయి ఎక్కువసేపు ఉంచాను. బొగ్గు! నీ దుంప తెగ అని తిట్టుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. నిజంగా దుంపనే తిట్టాను ఆ రోజు.

ఏం జరిగింది అక్కడ? దానిలో చక్కెర ఎక్కువ. లోపల నీళ్లు పోకముందే పైన చక్కెర ఎర్రబడిపోతుంది. కన్ను అయిపోయింది అంటుంది, పన్ను కాలేదు అంటుంది. కాబట్టి ఇక్కడ కంటి మాట వినకూడదు. మంట తగ్గించాలి. బంగాళాదుంపకి నూనె 170, 180 డిగ్రీలు ఉంటే, చిలగడకి 140, 150 చాలు. బిళ్ల ఇంకా పల్చగా కొయ్యాలి. కోసిన ముక్కల్ని అరగంట నీళ్లలో ఉంచి రెండుసార్లు నీళ్లు మార్చాలి, పైచక్కెర కొంత కడుక్కుపోతుంది. తెల్లకండ దుంప తీసుకోండి, నారింజ రంగు కండ ఉన్నదానికన్నా అది గట్టిగా వస్తుంది. వేయిస్తున్నప్పుడు చెవి మూకుడు మీద పెట్టండి. ముక్కలో నీళ్లున్నంతసేపూ బుడగలు వస్తూనే ఉంటాయి, చిటపట వినిపిస్తూనే ఉంటుంది. చప్పుడు సన్నబడింది, బుడగలు పల్చబడ్డాయి అంటే నీళ్లు అయిపోయాయి. అప్పుడు తియ్యాలి, రంగు ఇంకా లేతగా ఉన్నా సరే. ఇంకా రంగు రావాలని ఆగారో, బయటికి తీశాక కూడా ఆ వేడికి అది ముదురుతూనే ఉంటుంది.

రంగు గురించి ఇంకో కారణం కూడా ఉంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. గంజి దుంపల్ని ఎక్కువ వేడిలో ఎర్రగా వేయిస్తే అక్రిలమైడ్ అని ఒక పదార్థం తయారవుతుంది, అది ఒంటికి మంచిది కాదు అని. దుంపలో ఉండే చక్కెర, ఆస్పరజిన్ అనే ఇంకో పదార్థం, రెండూ వేడికి కలిస్తే వస్తుంది. ఎంత ముదురు రంగైతే అంత ఎక్కువ. అందుకని లేత బంగారు రంగు దాటనివ్వకండి. ఎర్రగా కాలితేనే రుచి అనే కొనుగోలుదారుడు వస్తాడు. రానివ్వండి, మాడినవి అమ్మం అని చెప్పండి.

కర్రపెండలం, ఇందాక మీరు తిన్నది. దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కేరళలో ఇది ఇంటింటి తిండి. ట్రావన్‌కోర్ రాజు విశాఖం తిరునాళ్ 1880ల్లో దీన్ని పనిగట్టుకుని ప్రజల చేత పండించారు, బియ్యం లేనప్పుడు ఆదుకుంటుందని. మనకి సగ్గుబియ్యంగా తెలుసు. సగ్గుబియ్యం వడియాలు పెడతారు కదా, ఆ సగ్గుబియ్యం ఈ దుంప పాలే. మన రాష్ట్రంలో సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులున్నాయి. అటు మెట్టలో దుంప పండుతుంది.

అయితే ఇందులో ఒక విషం ఉంది. భయపడకండి, వినండి. దుంపని కోసినప్పుడు, గాయమైనప్పుడు సయనైడ్ పుట్టించే పదార్థం ఇందులో ఉంటుంది. తీపి రకాల్లో తక్కువ, చేదు రకాల్లో ఎక్కువ. చెక్కులో బాగా ఎక్కువ. మిల్లుకి వెళ్లే దుంప చేదుదైనా వాళ్లకి నడుస్తుంది, రుబ్బి, కడిగి, ఆరబెట్టి గంజి తీస్తారు కాబట్టి. మనకి నడవదు. అందుకని మిల్లు దుంప కొనకండి. ఉడకబెట్టుకుని తినే తీపి దుంపే కావాలి అని రైతుకి చెప్పి కొనండి. పైన గోధుమరంగు పొర, దాని కింద తెల్లటి మందపు పొర, రెండూ పూర్తిగా తియ్యండి. మధ్యలో ఈనె తీసెయ్యండి. బిళ్లలు కోసి నీళ్లలో వేసి, రెండు మూడు గంటలు ఉంచి, నీళ్లు మార్చండి. ఒక పొంగు ఉడికించి వార్చితే ఇంకా మంచిది. పచ్చిది కొరికి చూడకండి. పిల్లలకి అసలు ఇవ్వకండి. వేయించాక కూడా ముక్క చేదుగా తగిలితే ఆ బ్యాచ్ మొత్తం పారెయ్యాలి. మొత్తం! ఆ రోజు కూలి పోతే పోయింది.

తవ్విన దుంప రెండు మూడు రోజులకి మించి ఆగదు. లోపల నీలం, నలుపు గీతలు పడిపోతాయి. కోసి చూడకుండా కొనకండి. తవ్విన రోజు కోసి, మర్నాటికల్లా వేయించేసెయ్యాలి. ఈ ఒక్క దాంట్లో కంపెనీ కన్నా మనం ముందున్నాం. ఎందుకంటే చేను మన ఊరిదే.

ఇక నూనె. దీని గురించి ఒక పూట మాట్లాడొచ్చు, నాకు ఇచ్చిన టైము అయిపోతోంది. ముఖ్యమైనవి చెప్తాను. నూనెకి థర్మామీటరు కొనండి. అందరూ నన్ను నవ్వారు, నువ్వు డాక్టరువా నూనెకి జ్వరం చూడ్డానికి అని. నవ్వనివ్వండి. చిలగడకి 150, చేమకి 165, కర్రపెండలానికి 170, ఇవి కంటితో చూసి చెప్పే తేడాలు కావు. థర్మామీటరు లేకపోతే మొదట ఒక్క బిళ్ల వెయ్యండి. అడుగుకి వెళ్లి ఆగి, మెల్లగా పైకి లేచిందా, చిలగడకి సరే. వెయ్యగానే బుడగలతో పైకి వచ్చిందా, కర్రపెండలానికి సరే. వేస్తూనే అంచులు నల్లబడ్డాయా, దేనికీ సరికాదు, దించెయ్యండి.

నూనె ఎప్పుడు పీలుస్తుంది ముక్క? నూనెలో ఉన్నప్పుడు అనుకుంటాం. ఎక్కువ భాగం బయటికి తీశాకే! ఉడుకుతున్నంతసేపూ ముక్కలోంచి ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది, నూనెని లోపలికి రానివ్వదు. తీసి చల్లారుతుండగా ఆవిరి తగ్గి లోపల ఖాళీ ఏర్పడుతుంది, ముక్క పైన అంటుకున్న నూనెని లోపలికి గుంజుకుంటుంది. అర్థమైందా? కాబట్టి చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, వేడి మీదే, మూకుడు మీదే గట్టిగా విదిలించండి. ఆ నాలుగు విదిలింపులు మీకు నెలకి ఎన్ని లీటర్లు మిగులుస్తాయో తూకం వేసి చూడండి. ఉప్పు, కారం కూడా అప్పుడే జల్లాలి. మెత్తగా దంచిన ఉప్పు, వేడి ముక్క. చల్లారాక జల్లితే కవరు అడుగున ఉప్పు, పైన చప్పిడి చిప్స్.

వాడిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చని అడుగుతారు. సార్ల లెక్క కాదు. నురగ ఎక్కువవుతుంది, చిక్కబడుతుంది, ముందుకన్నా తొందరగా పొగ వస్తుంది. అప్పుడు ఆపెయ్యాలి. చట్టం ప్రకారం కూడా, 2018 జూలై 1 నుంచి, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె మళ్లీ మళ్లీ మరిగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఆ నూనెలో వేయించకూడదు. అధికారులు కొలిచే పరికరం తెస్తారు. మన దగ్గర ఉన్న పరికరం ముక్కు. మన ముక్కు చెప్పాక కూడా పాత నూనెకి కొత్త నూనె కలిపి నెట్టుకొస్తాం చూడండి, అదే చెడ్డ అలవాటు. నాకూ ఉండేది.

ఆ నీలం చీర అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతోంది. చెప్పమ్మా. కవరు మీద “ఆరోగ్యానికి మంచిది, పీచు ఉన్న దుంప” అని రాసుకోవచ్చా అని. వద్దు. నూనెలో వేయించింది చిప్సే. చేమ అయినా చిప్సే, కంద అయినా చిప్సే. ఇందాకే చెప్పాను, మూడో వంతు దాకా నూనె అని. ఇది ఆరోగ్యం కోసం తినేది కాదు, సరదాకి తినేది. కవరు మీద ఆ దుంప పేరు పెద్ద అక్షరాల్లో రాయండి. చేమ చిప్స్. కంద చిప్స్. ఏ నూనెలో వేయించారో రాయండి. ఉప్పెంతో, తయారైన తేదీ ఏదో, ఎప్పటిలోగా తినాలో, ఆహార భద్రత సంస్థ ఇచ్చే మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, అన్నీ. కొన్నాయన మీ మాట నమ్మి రెండోసారి రావడానికి అవి చాలు.

గడువు మాత్రం దొంగతనంగా పెంచకండి. కంపెనీ ప్యాకెట్‌లో గాలి కాదు ఉండేది, నైట్రోజన్. అందుకే నెలల తరబడి నూనె వాసన మారదు. మనకి ఆ మిషను లేదు. పారదర్శకంగా ఉండే కవర్లో వెలుతురు తగిలితే పాత నూనె కంపు ఇంకా తొందరగా వస్తుంది. సిల్వర్ కవరు వాడండి, పూర్తిగా చల్లారాక కట్టండి. వేడి మీద కడితే లోపల ఆవిరి ముత్యాల్లా పడుతుంది, మర్నాటికి మెత్తబడతాయి. నేను పదిహేను రోజులకి మించి తేదీ వెయ్యను. వానాకాలం పది. కొట్టువాళ్లు గొణుగుతారు. ఆ కిరాణా కొట్టాయన కూడా గొణిగాడు. ఆయనే ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేసి కంద ఉందా అని అడుగుతాడు, మొదట తాను తినడు, పక్కింటాయనకి పెట్టి గంట ఆగుతాడు!

సరే, మాటలు చాలు. వెనక వరండాలో నాలుగు పొయ్యిలు పెట్టారు. బావూ, ఆ గ్యాస్ బండ కొంచెం దూరం జరుపు. మొదటి పొయ్యి మీద చేమ, కొత్తవాళ్లు అక్కడికి. చిలగడ దగ్గర నేనే ఉంటాను, థర్మామీటరు నాకివ్వండి. కంద కోసేవాళ్లు ముందు ఇటు రండి. గాజులు పైకి లాక్కుని, మోచేతుల దాకా నూనె రాసుకోండి. చింతపండు నీళ్లు ఆ నీలం బకెట్లో ఉన్నాయి.